పెరటి తోటకు ముహూర్తం

మన ఇళ్ళలో పెళ్ళికి ముహూర్తం చూస్తారు. గృహప్రవేశానికి చూస్తారు. పిల్లవాడి అక్షరాభ్యాసానికి చూస్తారు. బీరపాదు పెట్టటానికి మాత్రం ఎవరూ చూడరు. నిజానికి చూడవలసినది దానికే! పెళ్ళి మూడు వారాలు వాయిదా పడితే కొంప మునగదు. పాదు మూడు వారాలు ఆలస్యమైతే మాత్రం వేసవి అంతా పందిరి మీద ఆకులే తప్ప కాయ కనిపించదు.

ఏటా జరిగే కథే ఇది. మాఘమాసంలో వంకాయలు, చిక్కుడుకాయలు చవకగా వస్తుంటే పెరటివైపు కన్నెత్తి చూచేవారుండరు. చైత్రం వెళ్ళి వైశాఖం వచ్చేసరికి బజారులో కూరల ధర ఎండతోపాటు ఎక్కుతుంది. "మన దొడ్లో నాలుగు బీరగింజలు పెట్టుకొన్నా బాగుండేది కదండీ!" అంటుంది ఇల్లాలు. ఆ సాయంత్రమే ఇంటాయన విత్తనాల పొట్లం పట్టుకువస్తాడు. గింజలు మొలుస్తవి కూడాను. వారం తిరక్కముందే మాడిపోతవి. "మన నేల మంచిది కాదే!" అని ఆయన తీర్మానం చేస్తాడు. అంతటితో ఆ ఏటి సేద్యం ముగుస్తుంది.

తప్పు నేలది కాదు. విత్తనానిదీ కాదు. తారీఖుది.

మన వసంతం వేరు

తోటపని మీద ఇంగ్లీషులో వచ్చిన పుస్తకం ఏది తెరిచినా వసంతకాలపు విత్తులను గురించి ఒక అధ్యాయం ఉంటుంది. చదవటానికి ముచ్చటగానే ఉంటుంది. అయితే ఆ వసంతం మనది కాదు. చలిదేశాలలో లేత మొక్కకు శత్రువు మంచు. చివరి మంచు ఎప్పుడు పడుతుందో అంచనా వేసుకొని, ఆ గండం గడిచాక గాని మొక్కలను ఆరుబయట నాటరు. అమెరికాలో న్యూజెర్సీ వంటి చోట్ల కాపురాలున్న మన తెలుగువారు కూడా సొర, గోంగూర గింజలను ఇంట్లో కిటికీ దగ్గర చిన్న కుండీలలో మొలిపించుకొని, మే నెల వచ్చాక బయట పెడతారు. వారికి ముందున్నది మంచి కాలం. నాలుగు రోజులు ఆగితే లాభమే గాని నష్టం లేదు.

మనకు ముందున్నది ఎండ. ఇక్కడ ఆగినకొద్దీ నష్టం. మన వసంతం రెండు తలుపుల మధ్య సందు వంటిది. చలి తలుపు మూసుకోగానే ఎండ తలుపు తెరుచుకుంటుంది. నడుమ ఉండేది అయిదారు వారాలు. ఆ సందులో దూరిన విత్తే వేసవిలో కాయ కాస్తుంది.

ఇందులోని కిటుకు అంతా వేరులో ఉన్నది. బీర, సొర, దోస, గుమ్మడి జాతి గింజలు మొలవాలంటే మన్ను గోరువెచ్చగా, సుమారు 25 నుంచి 30 డిగ్రీల వేడిలో ఉండాలి. పుష్యమాసపు చలిలో పెడితే మొలక రాక గింజ కుళ్ళిపోతుంది. మరీ ఆలస్యంగా పెడితే మొలక వస్తుంది గాని, వేరు లోతుకు దిగటానికి వ్యవధి ఉండదు. ఏప్రిల్ నెల మధ్యాహ్నం పై రెండంగుళాల మన్ను పెనంలాగా కాలుతుంది. అడుగు లోతున మాత్రం అదే మన్ను చల్లగా, కాస్త చెమ్మగా ఉంటుంది. ఎండలు ముదిరేనాటికి వేరు ఆ అడుగు లోతుకు చేరిందా, లేదా? ఆనాటి వేసవి కూర భవిష్యత్తు ఈ ఒక్క ప్రశ్న మీద ఆధారపడి ఉన్నది.

పండుగలే గుర్తులు

ఇందుకు పంచాంగం తిరగెయ్యనక్కరలేదు. మన పండుగలే గుర్తులు చెబుతవి.

మాఘ శుద్ధ సప్తమి రథసప్తమి. ఆనాడు చిక్కుడుకాయలతో రథం కట్టి, చిక్కుడాకులలో పరమాన్నం నివేదన చెయ్యటం మనవారి ఆచారం. చలికాలమంతా కాసిన చిక్కుడు కాపు ముగింపుకు వస్తున్న రోజులవి. ఒక పాదు సెలవు తీసుకొంటున్నదంటే ఇంకొక పాదుకు చోటు సిద్ధం చెయ్యమని అర్థం.

అక్కడికి ఇరవైరెండు తిథులకు మహాశివరాత్రి వస్తుంది. శివరాత్రికి చలి 'శివ శివా' అంటూ పోతుందని పెద్దల మాట. రథసప్తమికీ శివరాత్రికీ మధ్యనున్న ఈ మూడు వారాలే పెరటి తోటకు అసలైన ముహూర్తం. శివరాత్రి తరువాత ఫాల్గుణమాసపు మొదటి పక్షం దాకా కూడా కొన్ని రకాలు పెట్టుకోవచ్చు. ఉగాది పచ్చడిలోకి వేపపువ్వు కోసేనాటికి పాదులు పందిరి ఎక్కుతూ ఉండాలి. అప్పుడు పలుగు పట్టుకొని బయలుదేరితే ఆకుకూరలు తప్ప మరేమీ దక్కవు.

అయితే ఒక హెచ్చరిక. మన పండుగలు చంద్రుణ్ణి బట్టి వస్తవి. ఎండ సూర్యుణ్ణి బట్టి వస్తుంది. ఉగాది ఒక ఏడు మార్చి మూడవ వారంలోనే వస్తే, మరొక ఏడు ఏప్రిల్ రెండవ వారానికి జరుగుతుంది. అందుచేత ఇంగ్లీషు తేదీ కూడా ఒకటి గుర్తు పెట్టుకోవాలి. కోస్తా జిల్లాల వారు జనవరి నెలాఖరు నుంచే విత్తుకోవచ్చు. రాత్రిళ్ళు చలి కొంచెం ఎక్కువగా ఉండే తెలంగాణ, రాయలసీమలవారు ఫిబ్రవరి మొదటి పక్షంలో మొదలుపెట్టవచ్చు. ఎవరైనా సరే ఫిబ్రవరి దాటకుండా తీగపాదులు ముగించటం మేలు. రెంటచింతల, రామగుండం వంటి ఎండకు పేరుపడ్డ చోట్ల ఇది మరీ ముఖ్యం. లంబసింగి, అరకు వంటి కొండ ఊళ్ళ లెక్క వేరు. అక్కడ చలి విడిచేదాకా ఆగవలసిందే.

ఎన్నాళ్ళకు ఏది?

విత్తిన నాటి నుంచి బెండ 45 నుంచి 50 రోజులకు, బీర కూడా ఇంచుమించు అప్పటికే మొదటి కాయ ఇస్తుంది. సొరకు రెండు నెలలు పడుతుంది. (కృష్ణా గోదావరి తీరాలలో ఆనపకాయ అన్నా, మరికొన్ని చోట్ల ఆనిగెపుకాయ అన్నా ఇదే.) కాకర, దోస రెండు నెలల లోపునే అందుకొంటవి. పండు గుమ్మడికి మాత్రం మూడున్నర నాలుగు నెలల ఓపిక ఉండాలి. ఫిబ్రవరి 10న గింజ పెట్టిన ఇంట ఏప్రిల్ మొదటి వారంలో బీరకాయ పచ్చడి చేసుకోవచ్చునన్నమాట. బజారులో ధరలు ఎక్కటం మొదలయ్యేది సరిగ్గా అప్పుడే!

ఎండకు జంకని వాటిలో గోరుచిక్కుడు మొదటిది. రాయలసీమలో దీనినే మటిక్కాయ అంటారు. నీరు కొంచెం తగ్గినా ఓర్చుకొంటుంది. బొబ్బర్లు కూడా ఇదే కోవలోవి. ఆకుకూరలలో తోటకూర, గోంగూర, బచ్చలి వేసవి చుట్టాలు. తోటకూర గింజ నలుసంత ఉంటుంది గనుక గుప్పెడు గింజలకు నాలుగు గుప్పెళ్ళ ఇసుక కలిపి చల్లాలి. నెల తిరిగేసరికి కోతకు వస్తుంది. పది పదిహేను రోజులకొక చిన్న మడి వంతున చల్లుతూ పోతే వేసవి పొడుగునా ఆకుకూరకు లోటుండదు. బచ్చలికి గింజ కూడా అక్కరలేదు. పొరుగింటినుంచి జానెడు ముక్క తెచ్చి గుచ్చితే చాలు. చేమ, కంద దుంపలను కూడా వేసవి మొదట్లోనే పాతిపెట్టవచ్చు. అవి ఏడెనిమిది నెలలు నేలలో ఉండి, చలికాలానికి చేతికి వస్తవి.

ఇక పెట్టకూడనిది ఒకటి ఉన్నది. ఒకప్పుడు మన పెద్దలు రామములక్కాయ అన్న టమాటా. రాత్రిపూట కూడా చల్లబడని రోజులలో దానికి పూత నిలవదు. పూసిన పువ్వు పూసినట్లే రాలిపోతుంది. మండు వేసవిలో మన బజార్లకు వచ్చే టమాటాలలో చాలా భాగం మదనపల్లె వంటి ఎత్తు ప్రాంతాల పంట. మైదానపు ఊళ్ళలో ఉన్నవారు మార్చిలో టమాటా నారు నాటి మనసు కష్టపెట్టుకోనక్కరలేదు. వానలు వెనకబడ్డాక నాటితే అదే మొక్క విరగ కాస్తుంది.

పాదు పెట్టే పద్ధతి

తీగపాదుకు అడుగున్నర పొడవు, అంతే వెడల్పు, అంతే లోతు గొయ్యి తియ్యాలి. తీసిన మన్నును వారం రోజులు ఎండనివ్వాలి. అందులో సగం కొలతకు బాగా చివికిన పశువుల ఎరువు, దోసెడు వేపపిండి కలిపి తిరిగి పూడ్చాలి. చివకని పచ్చిపేడ వేస్తే చెదలను పిలిచి విందు పెట్టినట్లే. నల్లరేగడి నేల అయితే నాలుగు తట్టల ఇసుక కలిపితే నీరు నిలవదు. ఇసుక నేల అయితే ఎరువు పాలు పెంచాలి.

గింజలను ముందు రాత్రి నీళ్ళలో నానబెట్టాలి. కాకరగింజకు పెంకు గట్టి. అది ఒక పగలు, ఒక రాత్రి నానాలి. ఆ పైన తడిగుడ్డలో మూటకట్టి మొలక కనిపించాక పెట్టటం ఇంకా మంచిది. పాదుకు నాలుగు గింజలు పెట్టి, మొలిచాక బలమైన రెండింటిని ఉంచి తక్కినవి తీసెయ్యాలి. ఇక్కడే చాలామందికి చెయ్యి రాదు. మొలిచిన మొక్కను పీకటానికి ప్రాణం ఒప్పదు. నాలుగూ ఉంచితే నాలుగూ అర్ధాకలితోనే బతుకుతవి.

గింజ ఎంత లావుంటే దానికి రెండింతల లోతున పెట్టాలన్నది సులువైన లెక్క. గుమ్మడిగింజకు అంగుళం లోతు. తోటకూర గింజకు మన్ను కప్పనే అక్కరలేదు. చల్లి, పైన చేత్తో అదిమితే చాలు.

పందిరి ముందే వెయ్యాలి. తీగ పాకటం మొదలుపెట్టాక కర్రల కోసం వెతికేవారు లేత కొసలను విరవక మానరు. పొట్లకాయకు పందిరి ఎత్తుగా ఉండాలి. పిందె కొసకు దారంతో చిన్న రాయి కట్టి వేలాడదీస్తే కాయ వంకర పోకుండా దిగుతుంది. ఈ పని పిల్లలకు అప్పగించండి. రోజూ కాయ ఎంత పెరిగిందో కొలిచి చెబుతారు.

నీటి లెక్క

అసలు చిక్కు నీటితోనే. మే నెల ఎండకు నేలనుంచి, ఆకులనుంచి కలిపి చదరపు మీటరుకు రోజుకు ఆరేడు లీటర్ల నీరు ఆవిరైపోతుంది. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు ఉన్న పందిరి నిండా తీగ అల్లుకొన్నదనుకోండి. దానికి రోజుకు 60 లీటర్ల పైచిలుకు కావాలి. పదిహేను లీటర్ల బిందెతో నాలుగు బిందెలు. కొళాయి రెండు రోజులకొకసారి వచ్చే ఊళ్ళో ఇది చిన్నమాట కాదు. కనుక విత్తేనాడే ఈ లెక్క వేసుకోవాలి. నీటిని బట్టి పాదులే గాని, పాదులను బట్టి నీరు కాదు. నీరు చాలక అయిదు పాదులు ఎండగట్టటంకంటే రెండు పాదులు నిండుగా కాయించుకోవటం తెలివైన పని.

ఉన్న నీటిని వృథా పోనివ్వకపోతే చాలావరకు గట్టెక్కవచ్చు. బియ్యం, పప్పు, కూరగాయలు కడిగిన నీళ్ళు అయిదుగురున్న ఇంట రోజుకు బిందెకు తగ్గవు. అవి సూటిగా పాదుకే పోవాలి. ఈనాడు చాలా ఇళ్ళలో తాగే నీటిని వడగట్టే యంత్రాలున్నవి. లీటరు మంచినీరు ఇచ్చి రెండు మూడు లీటర్లు తూముపాలు చేసేవి వాటిలో చాలా. ఆ నీరు మరీ ఉప్పగా లేకపోతే, మామూలు నీటితో కలిపి పొయ్యవచ్చు. బట్టలుతికిన పొడినీళ్ళు మాత్రం కూరపాదులకు వద్దు.

నీరు పొయ్యటంలోనూ పద్ధతి ఉన్నది. రోజూ చెంబెడు చిలకరిస్తే వేరు ఆ తడి కోసం పైపైకే వస్తుంది. ఎండకు బలి అవుతుంది. రోజు విడిచి రోజు పాదు నిండా పోస్తే నీరు లోతుకు దిగుతుంది, వెంట వేరూ దిగుతుంది. పొయ్యవలసిన వేళ తెల్లవారుజాము గాని, పొద్దు వాలాక గాని. మొదలు చుట్టూ మూడంగుళాల మందాన ఎండుటాకులో, వరిగడ్డో పరిస్తే ఆవిరయ్యే నీరు చాలా తగ్గుతుంది.

దీనికంటే మంచి ఉపాయం ఒకటి ఉన్నది. మెరుగు పెట్టని మామూలు మట్టికుండను పాదు పక్కన మెడదాకా పాతి, నీళ్ళు నింపి మూత పెట్టాలి. కుండ గోడలలోని సన్నని రంధ్రాలగుండా మన్నుకు ఎంత దాహమైతే అంత నీరే ఊరుతుంది. నాలుగు రోజులు ఊరు వెళ్ళి వచ్చినా పాదు వాడదు. పాతబడి, నీళ్ళు చల్లబరచని కుండ దీనికి పనికిరాదు. దాని రంధ్రాలు పూడిపోయి ఉంటవి. కొత్త కుండే పెట్టాలి.

పూసింది గాని కాయలేదు

"తీగ నిండా పువ్వులేనమ్మా, ఒక్క పిందె లేదు! గొడ్డుపాదు కాబోలు" అనే మాట ప్రతి వీధిలోనూ వినిపిస్తుంది. పాపం, ఆ పాదులో ఏ లోపమూ ఉండదు. బీర, సొర, కాకర, గుమ్మడి, పొట్ల, ఇవన్నీ ఒకే తీగ మీద మగపువ్వులు, ఆడపువ్వులు విడివిడిగా పూస్తవి. మొదటి వారం పదిరోజులు వచ్చేవన్నీ మగపువ్వులే. సన్నని పొడుగాటి కాడ ఉంటే మగపువ్వు. పువ్వు కింద బుల్లి కాయ ఆకారం కనిపిస్తే ఆడపువ్వు. ఎండలు హెచ్చినకొద్దీ మగపువ్వుల పాలు పెరుగుతుంది. తొందరగా విత్తమనటానికి ఇది మరొక కారణం. ఎరువు మరీ ఎక్కువైనా ఆకు బలుస్తుంది గాని పిందె రాదు.

ఆడపువ్వు వచ్చినా, మగపువ్వు పుప్పొడి దానికి చేరకపోతే పిందె పసుపుబారి రాలిపోతుంది. ఆ పని చేసిపెట్టేవి తేనెటీగలు, రెక్కల పురుగులు. మేడల మధ్య ఇరుకు పెరళ్ళలో అవి రావటం తగ్గింది. అప్పుడు మనమే పెళ్ళిపెద్దలం కావాలి. అప్పుడే విచ్చిన మగపువ్వును కోసి, రేకులు తీసేసి, దాని పుప్పొడిని ఆడపువ్వు నడుమనున్న బొడిపెకు మెల్లగా అద్దాలి. అంతే!

దీనికి వేళ తెలియాలి. గుమ్మడి, దోస, కాకర పువ్వులు తెల్లవారుతూనే విచ్చుతవి; ఎండ ఎక్కేలోగా అద్దాలి. బీరపువ్వు సాయంత్రం విచ్చుతుంది. సొర, పొట్ల పువ్వులు పొద్దుగూకాక తెల్లగా విచ్చి, రాత్రి రెక్కల పురుగుల కోసం ఎదురుచూస్తవి. పొద్దున్నే సొరపాదు దగ్గరకు వెళ్ళి పువ్వులన్నీ వాడిపోయినవని విచారించేవారు ఒక్కసారి రాత్రి దీపం పట్టుకొని వెళ్ళి చూడాలి.

పిలవని చుట్టాలు

మొలక రెండాకులు వేసిందో లేదో, ఎర్ర పెంకు పురుగులు హాజరవుతవి. గుమ్మడి, దోస అంటే వాటికి మహా ఇష్టం. కాకర జోలికి సాధారణంగా పోవు. చేదు వాటికీ గిట్టదు కాబోలు! తెల్లవారుజామున చలికి మందంగా ఉంటవి గనుక అప్పుడు చేత్తో ఏరి సబ్బునీళ్ళలో వెయ్యాలి. ఆకుల మీద కట్టెల బూడిద పలచగా చల్లినా కొంత ఆగుతవి.

తరువాత వచ్చేది పండు ఈగ. లేత పిందెలో గుడ్డు పెడుతుంది. కాయ వంకర పోయి, లోపల కుళ్ళుతుంది. పువ్వు వాడగానే పిందెకు కాగితపు సంచి తొడిగితే ఈగ ఏమీ చెయ్యలేదు. పుచ్చిన కాయలను పెరట్లోనే విసిరేస్తే ఈగల సంతానాన్ని పెంచి పోషించినట్లు. వాటిని అడుగుకు పైబడిన లోతున పాతిపెట్టాలి.

బెండకు పెద్ద బెడద పల్లాకు తెగులు. ఆకు ఈనెలు పచ్చబడి, కాయ కూడా పాలిపోతుంది. తెల్లదోమ దీనిని ఒక మొక్కనుంచి మరొకదానికి మోసుకుపోతుంది. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ 1960 ప్రాంతాలలో ఈ తెగులును తట్టుకొనే 'పూసా సవానీ' అనే బెండను విడుదల చేసింది. దేశమంతటా పేరు తెచ్చుకొన్న ఆ రకం కాలక్రమాన తెగులుకు లొంగిపోయింది. తరువాత బెంగుళూరు ఉద్యాన పరిశోధన సంస్థనుంచి 'అర్క అనామిక' వంటివి వచ్చినవి. ఏ రకమైనా తెగులు కనిపించిన మొక్కను ఆ రోజే పీకి తగలబెట్టటమే మిగతా మొక్కలకు రక్ష.

మందుల విషయంలో ఒక మాట. డి.డి.టి. పొడిని పంటల మీద చల్లిన రోజులున్నవి. మన దేశంలో 1989లో సేద్యానికి దాని వాడకం నిషేధించారు. మూడో రోజున కోసి పిల్లలకు వండిపెట్టే కూరమీద విషం చల్లవలసిన పనేమున్నది? వేపగింజల పప్పును మెత్తగా దంచి, లీటరు నీటికి 50 గ్రాముల వంతున రాత్రంతా నానబెట్టి, వడగట్టి, కాస్త సబ్బునీరు కలిపి సాయంత్రం పూట చల్లితే పేనుబంక, తెల్లదోమ చాలామటుకు అదుపులో ఉంటవి.

పెరడు లేనివారికి

"మాకు పెరడేదండీ, మూడో అంతస్తులో ఉంటున్నాం" అనేవారు ఈనాడు ఎక్కువ. వారికి మిద్దె ఉన్నది. మిద్దె తోటలు మన పట్నాలలో ఇప్పుడు కొత్త కాదు. అయితే మిద్దె మీద మొదట చూడవలసింది బరువు. తడిసిన మట్టి ఘనపుటడుగు 45 నుంచి 50 కిలోలు తూగుతుంది. అందుచేత మట్టి ఒక పాలు, చివికిన ఎరువు ఒక పాలు, కొబ్బరి పొట్టు ఒక పాలు కలుపుకోవాలి. పెద్ద తొట్లను మిద్దె నడుమ కాక, గోడల మీద, దూలాల మీద బరువు పడే చోట పెట్టాలి. తొట్టి అడుగున రంధ్రాలు తప్పనిసరి.

తోటకూరకు ఆరంగుళాల లోతు చాలు. బెండకు, వంగకు అడుగు లోతు కావాలి. తీగజాతికి యాభై లీటర్లకు తగ్గని తొట్టి ఉంటే గాని వేసవి గట్టెక్కదు. మిద్దె మీద తొట్టి నాలుగు వైపులా కాలుతుంది గనుక దాని చుట్టూ తడి గోనెపట్టా చుట్టాలి. ఏప్రిల్ నుంచి నీడవల కట్టాలి.

ఒక కాయ విత్తనానికి

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన సూచనల ప్రకారం పెద్దవారికి రోజుకు ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరగాయలు కావాలి. వేసవిలో ధరలు ఎక్కినప్పుడు మధ్యతరగతి ఇంట మొదట తగ్గేది ఇవే. పప్పులో ఆకుకూర పలచబడుతుంది. కూర బదులు ఊరగాయతో భోజనం సాగిపోతుంది. ఆ లోటును రెండు పాదులు, ఒక తోటకూర మడి పూర్తిగా కాకపోయినా కొంతకు కొంత తీరుస్తవి. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని సామెత. భోజనానికి మాత్రం అదే పనికివస్తుంది.

వచ్చే ఏటి సంగతి కూడా ఈ ఏడే చూసుకోవాలి. మంచి కాపు కాసిన పాదు మీద నిగనిగలాడే తొలి కాపు కాయ నొకదానిని కొయ్యకుండా ఉంచండి. బీరకాయ తీగ మీదే ఎండి గలగలలాడుతుంది. గింజలు విత్తనానికి, పీచు ఒళ్ళు రుద్దుకోవటానికి. సొరబుర్ర తన గింజలకు తానే డబ్బా. గుమ్మడి, దోస గింజలను కడిగి, నీడన ఆరబెట్టి, బూడిద కలిపి సీసాలో మూత బిగించి దాచాలి. పేడ పిడకకు గింజలు అద్ది గోడకు కొట్టిన మన ముత్తవ్వల పద్ధతి కూడా ఇందుకే. అంగడిలో 'హైబ్రిడ్' అని రాసి అమ్మే పొట్లాల గింజలు మాత్రం దాచినా ప్రయోజనం లేదు. రెండవ తరంలో తల్లి గుణం నిలవదు.

కాకర పక్కన పెడితే సొర చేదవుతుందని ఒక నమ్మకం ఉన్నది. అది నిజం కాదు. ఆ రెండూ వేరు జాతులు, ఒకదాని పుప్పొడి మరొకదానికి పట్టదు. కాని కొన్ని సొరకాయలు చేదుగా ఉండటం మాత్రం నిజం. చేదు సొరకాయ ఆరోగ్యానికి ప్రమాదకరమనీ, దాని రసం తాగి ప్రాణం మీదికి తెచ్చుకొన్నవారున్నారనీ భారత వైద్య పరిశోధన మండలి నిపుణులు హెచ్చరించారు. ఉడికించినంత మాత్రాన ఆ విషం పోదు. కనుక సొరకాయ తరిగేముందు చిన్న ముక్క నాలుకకు తగిలించి చూడండి. చేదు తగిలితే ఉమ్మివేసి, కాయ మొత్తం పారవెయ్యండి. దోసకు కూడా ఇదే మాట. ఆ పాదు విత్తనం ఎట్టి పరిస్థితిలోనూ దాచవద్దు.

ఇక గోడ దాటి పొరుగింట్లో కాసిన కాయ ఎవరిదన్న పాత తగవు ఒకటి ఉన్నది. దానికి మందు ఒకటే. పొరుగువారు అడగకముందే ఒకటి కోసుకొమ్మని చెప్పటం. బీర కాపుకు వస్తే ఒక్క ఇంటివారు తినలేనన్ని కాయలు వస్తవి. అవి ఇస్తే అటునుంచి గోంగూర వస్తుంది. మంచి విత్తనాలు ఒక ఊళ్ళో నిలిచేది కూడా ఈ ఇచ్చిపుచ్చుకోవటంలోనే.

ఎన్నడూ పలుగు పట్టనివారు ఈసారికి మూడే మొదలుపెట్టండి. ఒక బీరపాదు, ఒక వరస బెండ, చాపంత తోటకూర మడి. ఖర్చు పెద్దగా ఉండదు. రథసప్తమి తరువాత వచ్చే మొదటి ఆదివారం ఉదయం గొయ్యి తీస్తే, మరుసటి ఆదివారానికి గింజ పెట్టవచ్చు. ఈ ముహూర్తానికి పురోహితుడు అక్కరలేదు. ముందు రాత్రి గింజలు నానబెట్టటం మాత్రం మరచిపోకండి.